సోఫా మాట, కుర్చీ మాట

ఏలూరు నుంచి కైకలూరు రోడ్డు పట్టాక కాసేపటికి ఊళ్ళు పలచబడి నీళ్ళు మొదలవుతాయి. సంక్రాంతి వెళ్ళిన వారం, సాయంత్రం నాలుగున్నర. కారు అద్దం దించండి. బురద, తవుడు, చేప కలిసిన వాసన ముందు వస్తుంది, వెనకే చెరువుల్లో ఏరియేటర్ల చప్పుడు. పెద ఎడ్లగాడి వంతెన ఎక్కగానే వెనక సీట్లోంచి బాబాయి "ఆపరా, ఒక్క నిమిషం" అన్నాడు. గూడబాతుల్ని చూడ్డానికనుకున్నాను. కాదు. దూరంగా ఏదో గుడి మైకు మోగుతోంది. తల కొంచెం పక్కకి వంచి విన్నాడు. "యూనిట్ పోయింది. డయాఫ్రం చిట్లింది. వాడికి తెలీక ఇంకా సౌండు పెంచుతున్నాడు. పోనీ, పద."

బాబాయి అంటే సొంత బాబాయి కాదు, వరసకే. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్టు దగ్గర నలభై ఏళ్ళు మైకుసెట్టు కొట్టు నడిపాడు. పెళ్ళిళ్ళు, శ్రీరామనవమి పందిళ్ళు, ఎన్నికల ఆటోలు. హారన్ని తాటిచెట్టుకి కట్టి ఏ దిక్కుకి తిప్పితే పక్కూరికి పెళ్ళి సంగతి తెలుస్తుందో ఆయనకి తెలుసు. ఇప్పుడు డిక్కీలో గోనెసంచి చుట్టిన పెట్టె ఒకటి ఉంది. టేకు ప్లైవుడ్డుతో ఆయనే కోసి, అతికి, ఎనిమిదంగుళాల ఉఫరు బిగించి చేసింది. జతలో రెండోది చెదలు తినేశాయి.

మనం వెళ్తున్నది పంచాయితీకి. మా బావకి చేపల చెరువులు, కొల్లేరు కాంటూరుకి బయటే, కాగితాలన్నీ ఉన్నాయి. బొచ్చె, శీలావతి రెండేళ్ళు కలిసొచ్చాయి. మూడు నెలల కిందట సిటీలో ఒక షోరూంకి వెళ్ళి నేల మీద నిలబెట్టే పెద్ద స్పీకర్లు ఒక జత కొన్నాడు. ధర నాకొకటి చెప్పాడు, అక్కకొకటి, ఆడిటరుకి ఇంకొకటి. షోరూంలో విన్నప్పుడు గంధర్వులు దిగొచ్చారట. ఇంటికొచ్చాక మాత్రం చూడ్డానికొచ్చిన ప్రతివాడూ ఒక మాట అని పోతున్నాడు. ఒకరు బేసు ఎక్కువన్నారు, ఒకరు బేసే లేదన్నారు, వియ్యంకుడు వరసాయన ఒకాయన "మా ఇంట్లో సౌండుబారే నయం" అన్నాడు. ఆ రాత్రి నుంచి బావకి నిద్ర లేదు.

చెప్పులు ఇక్కడ విడవండి, లోపలికి రండి.

పద్నాలుగడుగుల పొడవు, పదకొండడుగుల వెడల్పు హాలు. కింద గ్రానైటు, పైన శ్లాబు, లప్పం పెట్టి నున్నగా రుద్దిన గోడలు. ఎడంపక్క అద్దాల షోకేసు. ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడండి. ఆ చప్పుడు పోదు. రెండు గోడల మధ్యా దారి తెలియని పిచ్చుకలా కొట్టుకుని కొట్టుకుని చస్తుంది. షోరూంలో కింద తివాచీ, గోడలకి మెత్తలు, పైన రంధ్రాల పలకలు. బావ కొన్నది స్పీకర్లనే, ఆ గదిని కాదు.

టీవీకి అటూ ఇటూ ద్వారపాలకుల్లా నిలబడ్డాయి రెండూ. మూడున్నర అడుగుల ఎత్తు, ఒక్కోటి ముప్పై అయిదు కిలోలు. నెత్తి మీద అక్క వేసిన లేసు గుడ్డ. దాన్ని ఎత్తితే నల్లటి మెరుపు చెక్క, అందులో మన మొహం, మన మొహం మీద కుంకుమ బొట్టు. బొట్టు నాది కాదు, స్పీకరుది. కొత్త వస్తువు ఇంట్లోకి రాగానే పసుపు రాసి బొట్టు పెట్టడం అక్కకి ఫ్రిజ్జుకైనా ట్రాక్టరుకైనా ఒకటే. పైన చిన్న గుమ్మటంలా ట్వీటరు. దాని కింద గొంతుకీ వాయిద్యానికీ ఒక మిడ్డు. ఆ కింద రెండు ఉఫర్లు, ఆరున్నర అంగుళాలవి. పెట్టె ఇంత పొడవుండేది ఎత్తు కోసమే కాదు, లోపల గాలి చోటు కోసం. ఎంత చోటుంటే ఉఫరు అంత కిందికి దిగుతుంది. వెనక గుండ్రటి బొక్క ఒకటి ఉంది, పిడికిలి పట్టేంత. ఉఫరు వెనక్కి నెట్టిన గాలి ఆ గొట్టం గుండా వచ్చి బేసుకి తోడవుతుంది.

అడుగున ముళ్ళలాంటి ఇనప కాళ్ళు. గ్రానైటు గీసుకుపోకుండా వాటి కింద బావ రూపాయి బిళ్ళలు పెట్టాడు. చాలామంది చేసే పనే. అత్తయ్యగారు, అంటే బావ వాళ్ళమ్మగారు, చూసి ఊరుకోలేదు. "లక్ష్మీదేవి నెత్తిన ఇంత బరువా!" మర్నాటికి రూపాయిలు పోయి క్యారమ్ బోర్డు బిళ్ళలొచ్చాయి. ఎడం స్పీకరు కింద తెల్లవి, కుడిదాని కింద నల్లవి. ఇప్పటికీ అవే.

కాఫీలయ్యాయి. బావ సోఫాలో, గోడకి వీపు ఆనించి, యజమానిలా కూర్చున్నాడు. బావ మేనల్లుడు గూడెం నిట్‌లో చదువుతున్నాడు, వాడు హాలు నడిమధ్య ప్లాస్టిక్ కుర్చీ వేసుకున్నాడు. బాబాయి గుమ్మం దగ్గర స్టూలు మీద. అత్తయ్యగారు పక్కగదిలో మంచం మీద, తలుపు తీసే ఉంది. మీరు షోకేసు పక్కన నా దగ్గరే ఉండండి.

బావ ముందు "నాటు నాటు" పెట్టాడు. ఆస్కారొచ్చిన పాట, కట్టినాయన కొవ్వూరులో పుట్టినాయన, మన గోదారి గట్టు పాటే అన్నట్టు పెట్టాడు. షోకేసులో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. అరనిమిషం గడిచిందో లేదో బావ రిమోటు నొక్కి ఆపేశాడు.

"చూశావా? బొయ్యిమంటోంది. పాట మీద గోనె కప్పినట్టుంది."

"బేసా?" అన్నాడు మేనల్లుడు, వెనక్కి తిరిగి. "బేసెక్కడుంది మావయ్యా? అన్నీ పైవే వినిపిస్తున్నాయి. ఉఫర్లు పని చేస్తున్నాయా అసలు?"

ఒకే పాట, ఒకే జత, ఇద్దరి మధ్యా ఏడడుగుల దూరం. బావ మొహం చూడాలి. మూడు నెలలుగా ఇదే. వచ్చినవాళ్ళలో సగం మంది సోఫా వాళ్ళు, సగం మంది కుర్చీ వాళ్ళు.

పక్కగదిలోంచి అత్తయ్యగారు: "రాత్రిళ్ళు సన్నగా పెడతాడే, అప్పుడు బానే ఉంటుంది. పగలే గోల."

ఆవిడ మాటని ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకోవలసిన మాటే. సౌండు తగ్గిస్తే మన చెవికి ముందుగా జారిపోయేది బేసు. 1933లోనే అమెరికాలో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దీన్ని కొలిచి గీతలు గీశారు, పాత యాంప్లిఫయర్ల మీద లౌడ్‌నెస్ అని ఒక బటను ఉండేది అందుకే. రాత్రి సన్నగా పెట్టినప్పుడు ఈ బొయ్యిమనేది చెవికి అందదు, అందుకని బావుంటుంది. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం.

"తాతగారూ, మీరేమంటారు?" అని వాడు బాబాయిని అడిగాడు.

"ముందు మీరిద్దరూ కుర్చీలు మార్చుకోండిరా," అన్నాడు బాబాయి.

మార్చుకున్నారు. అదే పాట మళ్ళీ. ఈసారి మేనల్లుడు సోఫాలో గోడకి ఆనుకున్నాడు, బావ నడిమధ్య ప్లాస్టిక్ కుర్చీలో. పాట సగానికి రాకుండానే వాడు చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అమ్మో, బొయ్యి." బావ అయితే ఉఫర్లని మార్చి మార్చి చూస్తున్నాడు, ఎవరో దొంగిలించినట్టు. "ఏదిరా బేసు?"

నాకు నవ్వాగలేదు. మనిషితో పాటు అభిప్రాయం కూడా లేచి వెళ్ళి కూర్చుంటుందనుకున్నాను ఇన్నాళ్ళూ. అది కుర్చీలోనే ఉండిపోతోంది.

మేనల్లుడు ఫోను తీసి ఒక యాప్ తెరిచాడు. సెకనుకి 41 సార్లు ఊగే శబ్దం ఒకటి, పాట కాదు, ఉత్త మూలుగు. బేస్ గిటారు మీద అన్నిటికన్నా లావు తీగ ఇంచుమించు అక్కడే పలుకుతుంది. లేవండి, మీరూ నాతో రండి. సోఫా దగ్గర నిలబడండి. పొట్టలో తెలుస్తోందా? ఇప్పుడు ఒక్కో అడుగే టీవీ వైపు. రెండడుగులు, నాలుగు. సన్నబడుతోంది. ఏడో అడుగు, కుర్చీ దగ్గర, దాదాపు ఏమీ లేదు. తల ముందుకి చాపితే కొంచెం, వెనక్కి లాగితే కొంచెం. ఇంకా నడవండి. టీవీ గోడ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ పొట్టలో అదే మూలుగు. స్పీకర్లు ఒక్క అంగుళం కదల్లేదు, వాల్యూము ఎవరూ ముట్టుకోలేదు.

వాడు లెక్క చెప్పాడు. ఈ వేడికి గాలిలో శబ్దం సెకనుకి సుమారు 348 మీటర్లు పోతుంది. పద్నాలుగడుగులంటే 4.27 మీటర్లు. ఆ వేగాన్ని గది పొడవుకి రెట్టింపుతో భాగిస్తే 41 దగ్గర తేలుతుంది. ఆ అలకి ఈ గది సరిగ్గా సరిపోయింది, రెండు గోడల దగ్గరా గుట్ట, నడుమ గుంట. గుట్ట మీద కూర్చున్నవాడు బేసు ఎక్కువంటాడు, గుంటలో కూర్చున్నవాడు లేదంటాడు.

"ఇంత లెక్కెందుకు," అన్నాడు బాబాయి. "పందిట్లో బాక్సులు పెడితే మేం నడిచి చూసుకునేవాళ్ళం. పెళ్ళికొడుకు మేనమామ ఎక్కడ కూర్చుంటాడో అక్కడ గుంట పడకూడదు. పడితే డబ్బులివ్వడు."

"మరి షోరూంలో నాకెందుకు బావుంది మావయ్యగారూ?"

"ఎక్కడ కూర్చోబెట్టారు అల్లుడుగారూ?"

బావ కాసేపు ఆలోచించాడు. గోడకి దూరంగా, నడుమకి ఇంకొంచెం వెనగ్గా ఒంటి కుర్చీ వేసి ఉందట. లేవబోతే కూడా "అక్కడే కూర్చోండి సార్" అన్నారట.

సోఫాని మూడడుగులు ముందుకి లాగాం. అక్క వంటింట్లోంచి వచ్చి చూసింది. సోఫా వెనక మూడు నెలల దుమ్ము, రెండు పెన్నులు, ఒక దువ్వెన. "ఇలా నడింట్లో సోఫా ఉంటే వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు?" అంది. అక్క ఏనాడూ వాటి ధ్వని గురించి మాట్లాడలేదు, ఆమె అభిప్రాయమంతా దుమ్ము గురించి. మెరుపు చెక్క మీద వేలిముద్ర పడితే తుడవడానికి ఒక గుడ్డ, దాన్ని ఉతకడానికి మళ్ళీ వేరే సబ్బు.

ఇప్పుడు మాండొలిన్ శ్రీనివాస్. పాలకొల్లులో 1969లో పుట్టాడు, 2014లో వెళ్ళిపోయాడు. ఎనిమిది తీగల విదేశీ వాయిద్యాన్ని అయిదు తీగలకి కుదించి, కరెంటు తగిలించి, కర్ణాటక గమకం పలికించాడు. స్పీకరు ట్వీటరుని పరీక్షించాలంటే ఆయన మీటు కన్నా మంచి సూది లేదు. సూదే అయింది. ఒక్కో మీటూ గ్రానైటు మీద పడి లేచి చెవిలో గుచ్చుకుంటోంది. బావ ట్రెబుల్ తగ్గించబోయాడు. బాబాయి చెయ్యి అడ్డం పెట్టాడు. "అమ్మాయ్, ఇంట్లో జంపఖానా ఏదైనా ఉందా?"

జంపఖానా లేదు. అటక మీద తివాచీ ఉంది. పెద్దాయన, అంటే బావ వాళ్ళ నాన్నగారు, ఎప్పుడో ఏలూరులో కొన్నది, ఉన్నిది, కలరా ఉండలు వేసి మడతపెట్టి దాచింది. పెళ్ళిళ్ళకి తప్ప దిగేది కాదు. మేనల్లుడు నిచ్చెనేసి దింపాడు. స్పీకర్లకీ సోఫాకీ మధ్య పరిచాం. ముదురెరుపు మీద నీలం పూలు, ఒక మూల కాఫీ మరక. ఇప్పుడు చప్పట్లు కొట్టండి. పిచ్చుక పోయింది. మాండొలిన్ అదే, కొసలు మెత్తబడ్డాయి. తీగ మీద వేలు జారడం వినిపిస్తోంది, గుచ్చుకోవడం లేదు. బేసు మాత్రం ఉన్నచోటే ఉంది, తివాచీ మందం దాని కాలికి కూడా అడ్డం రాదు.

ఇక బాబాయి పెట్టె వంతు. అది బావ అడిగింది కాదు, మేనల్లుడి పేచీ. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అని ఇద్దరు నలభై మందిని కూర్చోబెట్టి నాలుగు స్పీకర్లు వినిపించారట. ఒకసారి చూపిస్తూ, ఒకసారి తెరచాటున. చూస్తూ వేసిన మార్కులూ చూడకుండా వేసిన మార్కులూ కలవలేదు. కంటికి పెద్దగా, ఘనంగా ఉన్నవాటి వైపు మొగ్గారు జనం. విన్నవాళ్ళు కూడా దారినపోయేవాళ్ళు కాదు, స్పీకర్ల కంపెనీలో పనిచేసేవాళ్ళే. "మనమూ చేద్దాం," అన్నాడు వాడు.

బావ ఎడం స్పీకరు పక్కన బాబాయి పెట్టెని స్టూలు మీద పెట్టి, దండేనికి దుప్పటి కట్టి, ఒక్కదానితో ఒక్కటి. ముందు చిక్కొచ్చింది. ఒకే నాబు మీద బాబాయి పెట్టె గట్టిగా మోగుతోంది. పాత కాగితం కోనుకి కొంచెం కరెంటు చాలు, బావవి ఎక్కువ తింటాయి. మూడు డెసిబెల్సు పెంచాలంటే వాట్లు రెట్టింపు కావాలి. గట్టిగా మోగేదే బావుందనిపించడం చెవికి పుట్టుకతో వచ్చిన రోగం, అందుకని మేనల్లుడు ఫోనుతో కొలిచి రెండిటినీ సమానం చేశాడు. బాబాయికి ఆ యాప్ నచ్చలేదు కానీ ఊరుకున్నాడు.

"మాయాబజార్" పాట. 1957 సినిమా, ఒకే చానలు రికార్డింగు, ఒక్క పెట్టె చాలు. ఘంటసాల గొంతు దుప్పటి వెనకనుంచి వచ్చింది. గుడివాడ పక్క చౌటపల్లిలో పుట్టిన గొంతు, కొల్లేటికి మరీ దూరం కాదు. ముందు ఒకటో పెట్టె, తరవాత రెండోది.

అక్క వంటింటి గుమ్మంలోంచే, "మొదటిది," అంది. "మా నాన్న రేడియోలా ఉంది."

నేను రెండోదన్నాను. మేనల్లుడూ రెండోదే.

బావ కళ్ళు మూసుకుని విన్నాడు. రెండుసార్లు మళ్ళీ పెట్టించుకున్నాడు. "మొదటిదే. గొంతు ఇక్కడికొచ్చి నిలబడుతోంది. ఇవి నావే."

బాబాయి నవ్వలేదు. "మొదటిది నాది అల్లుడుగారూ. ముక్కుతో పాడుతోంది చూడండి. మిడ్డులో ఒక బుడిపె ఉంది దానికి, అప్పట్లో పందిట్లో జనం గోలలో మాట తేలాలని కావాలనే ఉంచా. ఘంటసాలకి అంత ముక్కు లేదు. రెండోదే బావుంది."

మేనల్లుడు దుప్పటి తీశాడు. బాబాయి చెప్పినట్టే ఉంది. ఇంట్లో అందరికన్నా ఎక్కువ డబ్బు పెట్టినవాడు పాతదానికి ఓటేశాడు, పాతది చేసినవాడు కొత్తదానికి. బావ కాసేపు పలకలేదు. అత్తయ్యగారి తీర్పు పక్కగదిలోంచి వచ్చింది: "రెండూ ఒకటేరా. ముందు ఆ దుప్పటి ఉతకాలి."

ఇక్కడితో పంచాయితీ అయిపోయిందనుకున్నాం. బాబాయి మాత్రం లేవలేదు. అదే పాటని రెండు స్పీకర్లలో పెట్టమన్నాడు. ఒకే చానలు పాట రెండిట్లోంచి వస్తే గొంతు సరిగ్గా నడుమ, టీవీలోంచి వస్తున్నట్టు ఉండాలి. ఉంది. "కానీ మృదంగం తొప్పి చూడు. కుడిపక్కకి వంగింది. బరువంతా అటే ఉంది."

మాకెవరికీ తెలియలేదు. మీకు తెలిసిందా?

లేచి వెళ్ళి కుడి స్పీకరు వెనక వంగి, బొక్క దగ్గర అరచెయ్యి పెట్టాడు. దెబ్బ పడినప్పుడల్లా వేళ్ళ సందుల్లోంచి గాలి తన్నుతోంది, ముంజేతి మీది తెల్లవెంట్రుకలు కదలడం నాకు కనబడుతోంది. ఎడందాని దగ్గరికి వెళ్ళాడు. అరచెయ్యి పెట్టాడు. కదలిక లేదు. రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చి మెల్లగా లాగాడు. మెంతిరంగు నూలు చీర ముక్క, నాలుగు మడతలు పెట్టి గుండ్రంగా చుట్టింది, బయటికొచ్చింది.

"అమ్మాయ్!"

అక్క చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "అదా బాబాయిగారూ, బల్లి దూరింది దాన్లో. ఒకసారి బయటికొచ్చాక మళ్ళీ పోకుండా కుక్కాను. ఈయనకి చెప్తే ముట్టుకున్నావా అంటారని చెప్పలేదు."

"రెండోదాన్లో?"

"దాన్లోకి వెళ్ళలేదుగా."

మేనల్లుడు అప్పటికే నిచ్చెన మీదున్నాడు. అటక మీద స్పీకర్ల అట్టపెట్టెల అడుగున, విప్పని ప్లాస్టిక్ కవర్లో, స్పాంజి బిరడాలు రెండు దొరికాయి. గోడకి దగ్గరగా పెట్టుకుని బేసు ఎక్కువైనవాళ్ళు బొక్కలో పెట్టుకోవడానికి కంపెనీవాళ్ళే ఇస్తారు. బావ ఆ కవరు చూడనే లేదు. అక్కకి దాని సంగతే తెలీదు. బల్లి పుణ్యమా అని సగం వైద్యం ముందే జరిగిపోయింది.

స్పాంజి పెట్టి విన్నాం. బాబాయి తల అడ్డంగా ఊపాడు. బిరడా మరీ బిగువుగా ఉంది, ఊపిరాడటం లేదన్నాడు. స్పాంజి తీసి, చీర ముక్కని మునుపటిలాగే నాలుగు మడతలు పెట్టి ఎడందాన్లో దోపాడు.

"ఇదే చీరది ఇంకో ముక్క ఉందా అమ్మాయ్? ఇదే కొలత."

"ఉంది, మిక్సీ మీద కప్పాను," అంటూ లోపలికి వెళ్ళి తెచ్చింది.

రెండోదీ చుట్టి కుడిదాన్లో పెట్టాడు. బావ సోఫాలో కూర్చున్నాడు, గోడకి మూడడుగులు ఎడంగా, కింద వాళ్ళ నాన్నగారి తివాచీ. మళ్ళీ "నాటు నాటు". గ్లాసులు గలగలమనలేదు. దరువు దరువులా వినిపించింది, గొంతులు రెండూ విడివిడిగా, చెప్పుకాళ్ళ దుమ్ము కూడా కనబడేంత తేటగా. పాట ఆఖరుదాకా ఎవరూ రిమోటు ముట్టుకోలేదు. మేనల్లుడు నా వంక చూశాడు, నేను బావ వంక.

బావ గడ్డం గోక్కున్నాడు.

"బేసు కొంచెం తగ్గిందేమో?"

బాబాయి అప్పటికే తన పెట్టెకి గోనెసంచి చుడుతున్నాడు.